ఒరిగినా నిలిచిన ఇల్లు

కొలతల కచ్చితత్వమే కట్టడానికి అందమని సాధారణంగా భావిస్తాం. గోడ నిటారుగా, నేల సమతలంగా ఉంటేనే నిర్మాణం సలక్షణమైనదని మెచ్చుకుంటాం. ఈ భావన అన్నివేళలా సరికాదని ఇంగ్లాండులోని చెషైర్ ప్రాంతానికి చెందిన లిటిల్ మోర్టన్ హాల్ నిరూపిస్తుంది.

చుట్టూ నీటి కందకం గల ఈ భవనాన్ని మోర్టన్ వంశీయులు 16వ శతాబ్ది ఆరంభంలో మొదలుపెట్టి, సుమారు 1610 వరకు దశలవారీగా నిర్మించారు. దీని బరువును మోసేవి గోడలు కావు, ఓక్ కొయ్యతో కూర్చిన చట్రం. ఒక దూలం కొనను మరొక దూలంలో తొలిచిన రంధ్రంలోకి దూర్చి, చెక్క చీలలతో బిగించారు. చట్రం నడుమ ఖాళీలను తడికలతో నింపి, మట్టి మెత్తారు. 1559లో కిటికీలను తయారుచేసిన రిచర్డ్ డేల్ అనే వడ్రంగి పేరు యజమాని పేరుతోపాటు కొయ్యపై చెక్కి ఉండటం విశేషం. శ్రమజీవికి దక్కిన అరుదైన గౌరవమది.

దక్షిణ భాగంలో పై అంతస్తుగా ఒక పొడవైన శాలను నిర్మించారు. దాని కప్పుపై పరచిన రాతిపలకల భారానికి కింది అంతస్తులు వంగిపోయాయి. నేల ఎగుడుదిగుడైంది, గోడలు ఒరిగాయి. అయినా భవనం కూలలేదు. చీలలతో బిగించిన కొయ్య చట్రం కొంత వంగి, కొంత సర్దుకొని భారాన్ని భరించింది.

17వ శతాబ్దిలో జరిగిన అంతర్యుద్ధంలో రాజు పక్షం వహించిన మోర్టన్ కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. తర్వాతి కాలంలో భవనం కౌలురైతుల నివాసమైంది. కొత్త హంగులతో తిరిగి కట్టించే స్తోమత యజమానులకు లేకపోవడమే దాని పాత రూపాన్ని కాపాడింది. 1938లో అది నేషనల్ ట్రస్ట్ సంరక్షణలోకి వచ్చింది.

ఇటువంటి కట్టడాన్ని సరిచేసి నిటారుగా నిలబెట్టరాదా అని కొందరు ప్రశ్నించవచ్చు. ప్రమాదాన్ని నివారించడం తప్పనిసరి. అందుకే ఆ శాలను ఉక్కు కడ్డీలతో దిటవు చేశారు. కాని దిటవు చేయడం వేరు, కొత్తగా మార్చడం వేరు. పాత కట్టడాలను ఊహలకు తగినట్లు దిద్దరాదనే ఆశయంతోనే విలియం మోరిస్ 1877లో ప్రాచీన భవనాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. ఈ హెచ్చరిక ఎంత అవసరమో ఈ ఇంటి రంగులే చెబుతాయి. నేడు చూపరులను ఆకర్షించే నలుపు తెలుపుల వన్నె తొలినాటిది కాదు. అప్పట్లో ఓక్ కొయ్యకు రంగు వేయక సహజంగా వదిలేవారు. నల్లరంగు 19వ శతాబ్ది అభిరుచికి గుర్తు. ప్రాచీనతను పెంచబోయి ఆ తరంవారు తమ కాలాన్నే దానిపై పూశారు.

కనుక ఒరిగిన దూలాన్ని లోపంగా గాక సాక్ష్యంగా చూడాలి. అది మోసిన బరువెంతో, గడిపిన కాలమెంతో ఆ వంపే చెబుతుంది. దానిని చెరిపివేస్తే మిగిలేది కొత్త ఇల్లే గాని చరిత్ర కాదు. వారసత్వ సంపదను కాపాడటమంటే దాని వయస్సును గౌరవించడమే.