దుర్లంఘ్యము – అలంఘ్యము

ఆంగ్లభాషలో ‘ఇన్‌సర్మౌంటబుల్’ అను విశేషణ మొకటి కలదు. సంభాషణములలో కంటె గ్రంథములందును, ఉపన్యాసములందును ఇది యెక్కువగా వినవచ్చును. ఆటంకము, అవరోధము, కష్టము అను అర్థముగల నామములకు ముందు దీనిని చేర్చుదురు. ‘మౌంట్’ అనగా ఎక్కుట. ‘సర్’ అనునది ఫ్రెంచి నుండి వచ్చినది, దానికి ‘పైగా’ అని యర్థము. మొదటనున్న ‘ఇన్’ లేమిని తెలుపును. ఎక్కి దాటుటకు వీలులేనిదని భావము.

తెలుగున దీనిని ‘దుర్లంఘ్యము’ అని వ్రాయుదురు. ఇది అంత సరియైనది కాదు. ‘దుర్’ అను ఉపసర్గ ప్రధానముగా కష్టమును తెలుపును. దుర్గమమైన అడవిలోనికి పోవుట కష్టమే, అయినను పోయి వచ్చువారు కలరు. కవులు అత్యుక్తికై వాడుట వేరుమాట. కష్టముతో దాటదగినది దుర్లంఘ్యము. ఎట్లును దాట వీలులేనిది అలంఘ్యము. ఆంగ్లపదమునకు జోడు ఈ రెండవదే.

విజయనగరము జిల్లాలోని కొత్తవలసలో రైలెక్కి అరకు వైపు పోవువారికి ఈ భేదము కన్నుల యెదుటనే కనబడును. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజమును విశాఖపట్టణము రేవునకు చేర్చి జపానునకు పంపుటకై 1960 దశకమున కొత్తవలస–కిరండూల్ మార్గమును నిర్మించిరి. నడుమ తూర్పు కనుమలు అడ్డుగా నిలిచినవి. ఉక్కు పట్టాపై ఉక్కు చక్రము నిటారైన వాలును ఎక్కజాలదు, జారిపోవును. కావున నిర్మాతలు దారిని తిన్నగా పైకి పోనీయక కొండల చుట్టును మెలికలు త్రిప్పిరి. త్రిప్ప వీలుకాని చోట కొండను తొలిచిరి. లోయలపై వంతెనలు కట్టిరి. సొరంగములే 58. మైదానమున బయలుదేరిన బండి సిమిలిగూడ వద్ద సుమారు 996 మీటర్ల ఎత్తునకు చేరును. ఈ కనుమలు దుర్లంఘ్యములే గాని అలంఘ్యములు కావు.

ఆంగ్లమున జాగరూకులైన రచయితలు ఈ పదమునకు ముందు ‘పైకి తోచు’ అనియో, ‘దాదాపు’ అనియో తరచుగా చేర్చుట ఇందువలననే. ‘మిక్కిలి’ అని చేర్చుట మాత్రము తగదు, లేమికి హెచ్చుతగ్గులెక్కడివి?

ఈ పదమును అలవోకగా వాడుటలో హాని కూడ కలదు. గ్రామస్థులు గెడ్డపై వంతెన కోరినపుడు ‘అధిగమింపరాని ఇబ్బందులు కలవు’ అని జవాబు వచ్చినచో విచారణ అంతటితో ముగిసిపోవును. అడ్డము వచ్చినది నీటి వడియా, నేల మెత్తదనమా, ధనలోపమా అని ఎవరును చెప్పనక్కరలేదు. ధనము చాలనపుడు చాలదనియే వ్రాసినచో వారు మరుసటి యేట మరల అడుగుదురు.

ఈ విశేషణమునకు తగిన తావు లేకపోలేదు. శూన్యమున కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. ద్రవ్యరాశి గల వస్తువేదియు ఆ వేగమును అందుకొనజాలదని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. అక్కడ దానిని నిస్సంకోచముగా వ్రాయవచ్చును.