పాత ఫోటోల్లో పేరు లేని మనుషులు



నిర్గమకాండము మొదటి అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు ఒకచోట చూపు ఆగుతుంది. ఐగుప్తును ఏలిన రాజు పేరు అక్కడ లేదు. ఉత్త ఫరో అని ఉంది, అది పదవే గానీ పేరు కాదు. ఆ రాజు ఎవరో అని పండితులు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు. హెబ్రీ స్త్రీలకు పురుడు పోసిన ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రం చక్కగా ఉన్నాయి: షిఫ్రా, పూయా. లూకా సువార్త 16వ అధ్యాయంలోనూ ఇదే వరస. రోజూ విందులు చేసుకున్న ధనవంతునికి పేరు లేదు, వాకిట్లో కురుపులతో పడి ఉన్న దరిద్రునికి లాజరు అని పేరుంది.

మన మిషను కాలపు ఫోటోలు తీసి చూడండి, ఇదంతా తలకిందులుగా ఉంటుంది. నడుమ కుర్చీలో కూర్చున్న దొరగారి పేరు ఇంటిపేరుతో, డిగ్రీతో సహా రాసి ఉంటుంది. పక్కన దొరసానిగారి పేరుంటుంది. కింద చాప మీద కూర్చున్నవాళ్లు, వెనక ఎండలో కండ్లు చికిలించి నిలబడినవాళ్లు మాత్రం "బైబిలు స్త్రీలు", "ఉపదేశి, అతని కుటుంబం", "స్థానిక క్రైస్తవులు". దొరలను నిందించడానికి ఈ మాట అనడం లేదు. వాళ్లు మంచి చేశారు, మన ప్రాంతంలో చాలామంది ప్రాణాలు నిలిపారు. కానీ ఆ ఊరూరికీ నడిచి వాక్యం చెప్పింది, జ్వరంలో ఉన్నవాళ్లను ఆసుపత్రికి ఒప్పించి తీసుకుపోయింది, రాత్రిబడిలో అక్షరాలు దిద్దించింది చాప మీద కూర్చున్నవాళ్లే.

వాళ్ల పేర్లు వెదకడం మన సంఘాల పని అని నా అభిప్రాయం. వెదికే పద్ధతి గురించి, దొరికిన తర్వాత ఏం చేయాలన్న దాని గురించి మాత్రం నాకు మనలోనే కొందరితో పేచీ ఉంది.

లండన్ మిషనరీ సొసైటీవాళ్లు 1822లో కడపలో పని మొదలుపెట్టారు. 1890ల నాటికి జమ్మలమడుగులో డాక్టర్ క్యాంబెల్ గారి వైద్యసేవ నడుస్తోంది. ఆయన పేరు మీద ఉన్న ఆసుపత్రి మీకందరికీ తెలిసిందే, మీలో సగంమంది అక్కడే పుట్టి ఉంటారు. మిషనరీలు తమకు కానుకలు పంపే సంఘాలకు ఇక్కడి పని చూపించడానికి ఫోటోలు పంపేవాళ్లు. ఆ సొసైటీ కాగితాలు, ఫోటోలు ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఇక్కడ మిగిలినవి మందిరాల ఇనప పెట్టెల్లో చెదలు పట్టకుండా బయటపడ్డ నాలుగైదు.

ఇవిగాక ఇండ్లలోవి ఉన్నాయి. పెండ్లి బంగారం కోసం ప్రొద్దుటూరు పోయినప్పుడు స్టూడియోలో తీయించుకున్న జంట ఫోటోలు, బాప్తిస్మం అయినరోజు తీసినవి, మహాసభల గ్రూపు ఫోటోలు. గండికోట రిజర్వాయరు ముంపులో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయినప్పుడు గోడల మీద నుంచి దిగిన ఫోటోలెన్ని! గోడ ఉన్నన్నాళ్లు ఆ ఫోటోలో ఉన్నదెవరో ఇంటిల్లిపాదికీ తెలుసు. గోడ పోయి ఫోటో మూటలోకి చేరినాక, పదేండ్లకే అందులోని మనిషి పరాయివాడైపోతాడు.

"చచ్చిపోయినోళ్ల ఫోటోలతో మనకేం పని అయ్యగారూ, అది పితరుల పూజ కాదా" అని ఒక సహోదరుడు అడిగాడు. దండ వేసి, దీపం పెట్టమని ఎవరూ అనడం లేదు. రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయం తెరవండి. పౌలు వరసగా పేర్లు చెబుతూ పోతాడు, అందులో ఫీబే ఉంది, ఇంకా ఎందరో స్త్రీలు ఉన్నారు. అదే వరసలో రూఫు తల్లి కూడా ఉంది, ఆమె పేరు మాత్రం మనదాకా రాలేదు. తనకూ తల్లే అని పౌలు చెప్పుకున్న మనిషి ఆమె. పేరు తెలిసి ఉంటే ఎంత బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇక వెదికే పద్ధతి. ముందు ఫోటో వెనక్కి తిప్పండి. స్టూడియో ముద్ర, పెన్సిలు రాత, పోస్టుకార్డు గీతలు, ఏదో ఒకటి ఉంటుంది. అట్ట మీద అంటించిన గోధుమరంగు ఫోటో వేరు కాలం, అంచులు వంకీలుగా కత్తిరించిన చిన్న ఫోటో వేరు కాలం. గ్రూపు ఫోటోలో అయితే ముందువరస కాళ్ల దగ్గర పలక మీద సంవత్సరం రాసి పెట్టేవాళ్లు. తర్వాత రిజిస్టర్లు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెండ్లి రిజిస్టరులో వధూవరుల పేర్లు, వయస్సు, పని, ఊరు, తండ్రి పేరు రాయాలి, సాక్షులు సంతకం చేయాలి. సంతకం రానిచోట వేలిముద్ర ఉంటుంది. బాప్తిస్మపు రిజిస్టరులో ఒక్కోసారి పాత పేరు, కొత్త పేరు రెండూ ఉంటాయి. ఓబులమ్మ రూతమ్మ అవుతుంది. ఇంట్లోవాళ్లు మాత్రం చచ్చేదాకా ఓబులమ్మ అనే పిలిచి ఉంటారు, అందుకని రెండు పేర్లూ పట్టుకోవాలి.

వీటన్నిటికంటే ముందు ముసలివాళ్లను అడగండి. రిజిస్టరు ఇంకో పదేండ్లు ఆగుతుంది, వాళ్లు ఆగరు.

మా పెట్టెలో అట్టఫోటో ఒకటి ఉంది. ఇద్దరు స్త్రీలు, ఒకరు కూర్చుని, ఒకరు నిలబడి. వెనక పెన్సిలుతో ఇంగ్లీషులో "ఇద్దరు బైబిలు స్త్రీలు, జమ్మలమడుగు" అని మాత్రమే ఉంది. ఏడాదిపాటు ఎవరికి చూపినా లాభం లేకపోయింది. పులివెందుల దగ్గర ఊరిలో ప్రార్థనకు పోయినప్పుడు ఎనభై దాటిన ఒక అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని, ముఖం వైపు చూడనే లేదు. నిలబడిన ఆమె ముంజేతి మీది పచ్చబొట్టు మీద వేలు పెట్టి, "ఇది మా జేజి చెయ్యి సామీ. ఈ చేత్తోనే నాకు సంగటి పెట్టింది" అంది. అవ్వ చెప్పిన ఊరు, తండ్రి పేరు పట్టుకుని పెండ్లి రిజిస్టరు తిప్పితే సరిపోయాయి. పనిగడిలో ఏమీ రాయలేదు, గీత కొట్టి ఉంది. ముప్పై ఏండ్లు ఊళ్లు తిరిగి వాక్యం చెప్పిందని అవ్వ చెప్పిన మనిషికి పని లేదట!

ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయడం లేదు. ఆ కుటుంబం వద్దంది.

ఎందుకు వద్దందో మీలో చాలామందికి చెప్పకుండానే అర్థమై ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలను, వాళ్ల సంతానాన్ని బీసీ-సీ కింద లెక్కిస్తారు. పాలెంలో అదే గుడిసె, అదే కూలి, అదే అవమానం, కాగితం మీద మాత్రం వేరే మనిషి. ఆ చట్టం న్యాయమా కాదా అన్నది ఇంకో వ్యాసం. న్యాయం కాదని నా మనసు చెబుతుంది. అయితే అది ఉన్నన్నాళ్లు, "ఫలానావారి ముత్తవ్వ, మిషను బైబిలు స్త్రీ" అని పేరు, ఊరు, ఫోటోతో నెట్‌లో పెడితే, ఆ ఇంటి పిల్లవాడి సర్టిఫికెట్ మీద ఎవడో ఒకడు అర్జీ పెట్టడానికి మనమే కాగితం అందించినట్టు అవుతుంది.

"దాచుకునే విశ్వాసం ఏం విశ్వాసం, ధైర్యంగా ఒప్పుకోవాలి గదా" అని యౌవనస్థులు కొందరు నాతో వాదించారు. ఒప్పుకోవలసింది ఆ పిల్లవాడు, తన నోటితో, తనకు తోచిన రోజున. వాడి ముత్తవ్వ ఫోటో పెట్టి వాడి తరఫున మనం ఒప్పుకుంటే అది సాక్ష్యం కాదు, పట్టించడం. ఆసుపత్రి ఫోటోల్లోని రోగుల విషయంలోనూ నా మాట ఇదే. కుష్ఠరోగంతో ఉన్న మనిషి ముఖాన్ని "అప్పటి సేవ" అని గ్రూపుల్లో తిప్పకండి. ఆ మనిషి మనవలు ఈ ఊళ్లలోనే బ్రతుకుతున్నారు.

ఇంకో జబ్బు ఉంది, కథ కట్టడం. వాట్సాప్‌లో నెలకొకటైనా వస్తుంది: ఎముకల గూళ్లలాంటి మనుషుల ఫోటో, కింద "మన రాయలసీమ తొలి విశ్వాసులు, ఆకలిలోనూ ప్రభువును విడువలేదు" అని. అవి 1876-78 ధాత కరువులో హూపర్ అనే మద్రాసు సైన్యాధికారి తీసిన ఫోటోలు. బక్కచిక్కిన మనుషులను వరసగా కూర్చోబెట్టి తీశాడు. ఫోటో తీసుకుని తిండి పెట్టకుండా పంపాడని ఆయన మీద నింద కూడా ఉంది. అంతకుముందు, 1868 నుంచి 1875 వరకు, "ది పీపుల్ ఆఫ్ ఇండియా" అని ఎనిమిది సంపుటాలు వేశారు, అందులోనూ చాలా ఫోటోల కింద ఉన్నది కులమో తెగో. బ్రతికుండగా పేరు అడగలేదు. ఇప్పుడు మనం వాళ్లు చెప్పని సాక్ష్యం వాళ్ల నోట్లో పెడుతున్నాం. కరువులో కడప జిల్లా మాడిపోయింది నిజమే, ఆ రోజుల్లో చాలామంది సంఘంలో చేరారన్నదీ నిజమే. ఆ ఫోటోలో ఉన్నవాళ్లే వాళ్లని ఎట్లా చెబుతాం? అబద్ధ సాక్ష్యం వద్దన్న ఆజ్ఞ బ్రతికున్న పొరుగువాడికే గాదు.

ఈమధ్య ఫోన్‌లో ఒక యాప్ వచ్చింది, పాత ఫోటో ఇస్తే రంగులు వేసి, కండ్లు ఆర్పించి, నవ్విస్తుంది. ఒక ఇంట్లో చూపించారు. అందరూ ఏడ్చారు, నేను కాదనలేకపోయాను. అయినా నాకు మనసొప్పలేదు. ఆమె ఆరోజు నవ్వలేదు, ఎండలో నిలబడింది, కాళ్లకు చెప్పులు కూడా లేవు.

కాబట్టి మా సంఘంలో ఇట్లా చేస్తున్నాం. పేరు తేలితే ముందు ఆ ఇంటివాళ్లకు చెబుతాం. ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో రాస్తాం, బాల్ పెన్నుతో రాస్తే అచ్చు ముందుకు తేలుతుంది. ఎవరు చెప్పారో, ఏ రిజిస్టరుతో సరిచూశామో ఒక నోటుబుక్కులో రాసి వెస్ట్రీ బీరువాలో పెడతాం. తేలనివాటికి "తెలియదు" అని రాస్తాం. బయట పెట్టడం కుటుంబం సరేనంటేనే.

కూర్చున్న స్త్రీ ఎవరో ఇంకా తేలలేదు. ముప్పై ఏండ్లలోపు ఉంటుంది, ఒళ్లో పుస్తకం, కుడిచెవికి మాత్రమే కమ్మ ఉంది, మెడలో నల్లపూసలు. కువైట్‌లో ఉన్న మన బిడ్డలు ఇంటికి ఫోన్ చేసినప్పుడు, జమ్మలమడుగు మిషనులో పనిచేసిన ఆడమనిషి గురించి మీ అవ్వలకు ఏమైనా జ్ఞాపకం ఉందేమో అడగండి. ఉంటే గ్రూపులో పెట్టకుండా నాకు ఫోన్ చేయండి. ఇక్కడ ఉన్నవాళ్లు ఆదివారం ఆరాధన అయినాక మీ ఇంటి పెద్దవాళ్లను వెస్ట్రీ గదికి తీసుకురండి, ఫోటో వాళ్ల చేతికే ఇస్తాను. కండ్లద్దాలు మరచిపోకండి.