పెరటితోట: ఇంటి వంగవిత్తనము



గుత్తివంకాయకూరలో మనము వేయు మిరపకాయ మన దేశపుది గాదు. 1498లో వాస్కోడగామా మన తీరము చేరిన పిమ్మట పోర్చుగీసువారు అమెరికా ఖండపు మిరపను ఇచ్చటికి దెచ్చిరి. అంతకుముందు మన పెద్దలు కారమునకు మిరియములనే నమ్ముకొనిరి. టమాటాయు బంగాళదుంపయు నా ఖండపువే. వంకాయ యట్లు గాదు. వార్తాకమను పేర సంస్కృతమున కెక్కి, వేలయేండ్లుగా ఈ నేలను పండుచు, అరబ్బుల మూలమున పడమటి దేశములకు బోయినది.

అట్టి వంగను మా పెరటిలో మేమే పోగొట్టుకొంటిమి. కొన్నేండ్ల క్రిందట అంగడిలో సంకరవిత్తనము కొని నాటితిమి. కాపు విరివిగా వచ్చినది. మురిసి, ఆ కాయల గింజలనే మరుసటియేడు చల్లగా, ఒక చెట్టున పొడుగుకాయ, ఒకదాన గుండ్రనికాయ, మరియొకదాన చేదుకాయ! అంగడివానిని నిందించితిమి గాని తప్పు మాదే. సంకరవిత్తనపు తొలిపంటయే యొక్కతీరుగ నుండును. దాని గింజలు తల్లిని పోలవు. ఆ సందడిలో నాటక విడిచిన మా యత్తగారినాటి ముళ్లవంగ విత్తనము డబ్బాలోనే ముసలిదైనది. తిరిగి చల్లినపుడు ఒక్కటియు మొలవలేదు. ఆ రకము దాచిన యిల్లు మా యెరుకలో మరియొకటి లేదు.

మీ కట్టి విచారము కలుగకుండుగాక! నారుపోసి, నెలదాటిన మొక్కలను రెండడుగుల యెడముగా నాటుడు. కొమ్మకొన వాడి వ్రేలాడినచో లోపల పురుగు దొలిచినదని గ్రహించి త్రుంచి కాల్చివేయుడు. నడికాపులో, తెగులులేని చెట్టున రెండు మంచికాయలకు దారము గట్టి విడువుడు. అవి పండి పసుపువన్నెకు దిరిగిన పిదప గుజ్జును నీట పిసికి, తేలిన గింజలను పారవైచి, మునిగినవానిని నీడను బాగుగ నారబెట్టి, బూడిద కలిపి మూతగల సీసాలో నుంచుడు. వేరురకపు వంగ చెంతనున్నచో తేనెటీగలు పుప్పొడిని గలుపును. కావున విత్తనపుచెట్టు దూరముగ నుండవలెను. దాచుట మాత్రమే చాలదు. ఏటేట కొన్నిగింజలైనను నాటుచుండవలెను.

తన పంటనుండి విత్తనము దాచుకొను హక్కును 2001 నాటి చట్టము రైతున కిచ్చినది. కాని విత్తనమును నిలుపవలసినది చేతులే. రేపు కూరకు వంకాయలు గోయునపుడు, కత్తిపీట యొద్దకు బోకముందే ఒక్క చెట్టున దారము గట్టుడు.