ప్రవర్తన గడిలో ఒక్క మాట

మొన్న ఆదివారం పొద్దున మా కాలనీలో ఆటో తోలే ఆయన భార్య, కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. తుర్కయాంజాల్‌లో మేం ఇల్లు కట్టుకున్నప్పటి నుంచీ తెలిసిన కుటుంబం. ఆయన ఎల్‌బీనగర్, ఇబ్రహీంపట్నం మధ్య సాగర్ రోడ్డు మీద ఆటో నడుపుతాడు. ఆమె చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు ఉంది. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్, నీట్ ర్యాంకు కార్డు, టీసీ అన్నీ వరసగా పెట్టుకుంది. అబ్బాయి బైపీసీ అయ్యాక ఏడాది లాంగ్ టర్మ్ కూర్చుని ఈసారి సీటొచ్చే ర్యాంకు తెచ్చుకున్నాడు. ఆ సంతోషం తల్లి ముఖంలో లేదు.

"సార్, మీరు కాలేజీల పనిచేసిండ్రు కదా. జర వాళ్లకు ఫోన్ చేసి ఈ ఒక్క మాట మార్పియ్యండ్రి" అంటూ టీసీ తీసింది.

ప్రవర్తన అన్న గడిలో చేత్తో రాసి ఉంది: 'నాట్ శాటిస్‌ఫాక్టరీ'.

ఏం చేశాడమ్మా అని అడిగాను. "ఏం లేదు సార్. హాస్టల్ల ఫోన్ దొరికిందంట. పది రోజులు ఇంటికి పంపిండ్రు. గంతే." అబ్బాయి నేల చూపులు చూస్తున్నాడు.

ఆ గడితో నాది పాత పరిచయం. ఇరవై ఏడేళ్లు జూనియర్ కాలేజీల్లో బోటనీ చెప్పాను. చివరి నాలుగేళ్లు ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్‌గా టీసీల మీద సంతకాలు పెట్టాను. జూన్, జూలైల్లో ఒక్కో రోజు వందకు పైగా ఉండేవి. గుమస్తా ఆ గడిలో ముందే 'గుడ్' అని నింపి పెట్టేవాడు, నేను కింద సంతకం చేసేవాణ్ని. ఎవరా పిల్లవాడు, ఎలాంటివాడు అని తలెత్తి చూసింది లేదు. తల్లిదండ్రులూ అంతే. కౌన్సెలింగ్ రోజుల్లో వాళ్లు వెతికేది తొమ్మిది నుంచి ఇంటర్ దాకా తెలంగాణలోనే చదివినట్టు కాగితాలు సరిగా ఉన్నాయా లేదా అని. స్థానికత మీద 2024లో వచ్చిన జీవో 33 సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కాబట్టి ఆ కంగారుకు కారణం ఉంది. ప్రవర్తన గడి మాత్రం అందులో 'గుడ్' లేనప్పుడే కంటికి కనిపిస్తుంది.

నేను పెట్టిన వేల సంతకాల్లో ఒకటి ఇప్పటికీ నన్ను వదల్లేదు. సెకండియర్ కుర్రాడొకడు హాస్టల్‌లో ఫస్టియర్ పిల్లవాణ్ని బెల్టుతో కొట్టాడు. వీపు మీద వాతలు నా కళ్లతో చూశాను. పెద్దమనుషులొచ్చి మాట్లాడారు. కేసు పెడితే కాలేజీ పేరు పోతుందన్నారు. టీసీ ఇచ్చి పంపేద్దామన్నారు. ఇచ్చాం. ప్రవర్తన గడిలో 'గుడ్' అని ఉంది, కింద సంతకం నాది. దెబ్బలు తిన్న పిల్లవాడు ఆ నెలాఖరుకే చదువు మానేసి ఊరెళ్లిపోయాడు. కొట్టినవాడు చేరబోయే కాలేజీలో ఇంకో ఫస్టియర్ పిల్లవాడు ఉంటాడన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు. వచ్చి ఉండాల్సింది.

ఎందుకు రావాలో నిబంధనల్లోనే ఉంది. 2009 మార్చి 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని టాండా వైద్య కళాశాలలో సీనియర్లు కొట్టిన దెబ్బలకు అమన్ కచ్రూ అనే పంతొమ్మిదేళ్ల విద్యార్థి చనిపోయాడు. ఆ ఏడాదే యూజీసీ, భారత వైద్య మండలి రెండూ ర్యాగింగ్ నిరోధానికి నిబంధనలు తెచ్చాయి. మన రాష్ట్రంలో అంతకు ముందే, 1997లోనే చట్టముంది. ర్యాగింగ్ కేసులో ఆరు నెలలకు మించి జైలు శిక్ష పడిన విద్యార్థిని మరే విద్యాసంస్థలోనూ చేర్చుకోకూడదని అందులో ఉంది. 2009 నిబంధనలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. అడ్మిషన్ కోరే ప్రతి విద్యార్థీ చివరిగా చదివిన సంస్థ నుంచి, తోటివారితో అతను ఎలా మసలుకుంటాడో తెలిపే పత్రం తేవాలన్నాయి. ఎందుకో కూడా చెప్పాయి. చేర్చుకున్న కాలేజీ ఆ విద్యార్థిని కనిపెట్టుకుని ఉండటానికట. వాకిట్లోనే ఆపేయడానికి అనలేదు. ఇది చాలామంది లెక్చరర్లకే తెలియదు. నాకూ రిటైరయ్యాకే తెలిసింది.

అంటే ప్రవర్తన గడి ఒక కబురు. ఈ పిల్లవాడి విషయంలో ఇలా జరిగింది, మీరు కాస్త చూసుకోండి అని ఒక గురువు ఇంకో గురువుకి పంపే కబురు. మనం దాన్ని రెండు రకాలుగా పాడుచేశాం. పలుకుబడి ఉన్న ఇంటి పిల్లవాడు ఏం చేసినా 'గుడ్'. ఆటో డ్రైవర్ కొడుకైతే 'టీసీలో రాసి పడేస్తా, నీ బతుకు బస్టాండే' అన్న బెదిరింపు. ఇన్‌ఛార్జీలు, వార్డెన్లు ఆ మాట ఎన్నిసార్లు అనగా విన్నానో లెక్కలేదు.

2023 ఫిబ్రవరి చివరి వారం గుర్తొస్తే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ చేస్తున్న డాక్టర్ ధరావత్ ప్రీతి ఫిబ్రవరి 26న నిమ్స్‌లో కన్నుమూసింది. సీనియర్ వేధించాడని కుటుంబం ఫిర్యాదు, పోలీసుల కేసు. రెండు రోజుల తర్వాత 28న రాత్రి నార్సింగిలోని ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీ తరగతి గదిలో ఇంటర్ పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడు. కాలేజీ సిబ్బంది పెట్టే బాధ తట్టుకోలేకపోయానని ఉత్తరం రాసిపెట్టాడు. ఒకచోట తోటి మనిషికి హాని జరుగుతోందని చెప్పినా సకాలంలో కదలిక లేదు. ఇంకోచోట క్రమశిక్షణ పేరుతో పిల్లవాణ్ని నలిపేశారు. ఆ ఏడాదే సెప్టెంబరులో గాంధీ మెడికల్ కాలేజీలో జూనియర్లను ర్యాగింగ్ చేసిన పది మందిని ఏడాది పాటు సస్పెండ్ చేశారు. అది సరైన పనే. వాళ్లు కోర్సు ముగించి వెళ్లేనాడు ఆ విషయం వాళ్ల సర్టిఫికెట్లలో ఉండాలి. ర్యాగింగ్‌కు శిక్ష పడిందా, హింసాత్మక ప్రవర్తన కనిపించిందా అన్నది వైద్య కళాశాల ఇచ్చే టీసీలో, మైగ్రేషన్ సర్టిఫికెట్‌లో విడిగా నమోదు చేయాలని 2009 వైద్య మండలి నిబంధనే చెప్పింది.

కానీ ఫోన్ దొరకడం, గేట్ పాస్ లేకుండా బయటికెళ్లడం, స్టడీ అవర్లో నిద్రపోవడం, గోడ దూకి సినిమాకెళ్లడం? ఇవి ఎవరి ఒంటి మీదా వాత పెట్టని పనులు. పదహారు, పదిహేడేళ్ల వయసు పనులు. 2015 బాల న్యాయ చట్టం చూడండి. పద్దెనిమిది నిండని పిల్లవాడు నేరమే చేసి జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకొచ్చినా, మామూలుగా అది అతని భవిష్యత్తుకు అనర్హత కాకూడదని, గడువు తీరాక ఆ రికార్డు లేకుండా చేయాలని 24వ సెక్షన్ చెబుతుంది. మరీ ఘోరమైన నేరాలకే మినహాయింపు. నేరం చేసిన పిల్లవాడి కాగితాలే చెరిపెయ్యమంటున్న దేశంలో, దిండు కింద ఫోన్ పెట్టుకున్న పిల్లవాడికి ఒక కాలేజీ చెరగని మచ్చ వేస్తుంటే ఎవరూ అడగరేం?

మా తమ్ముడి కూతురు న్యూజెర్సీలో డిగ్రీ చేసి మెడిసిన్‌కు దరఖాస్తు పెట్టుకుంది. అక్కడ చాలా వైద్య కళాశాలలకు కలిపి ఒకే దరఖాస్తు, ఆమ్‌కాస్ అంటారు. చదువు సరిగా సాగకపోవడం వల్ల గానీ ప్రవర్తన వల్ల గానీ ఏ కాలేజీ అయినా నీ మీద చర్య తీసుకుందా అని అందులో ప్రశ్న ఉంటుంది. చదువు ఆగకపోయినా, మార్కుల పత్రంలో ఆ ఊసు లేకపోయినా అవునని చెప్పాల్సిందే. ఆ పిల్ల మొదటి ఏడాది హాస్టల్ గదిలో బీరు సీసాలు దొరికాయి. ఇరవై ఒకటి నిండనిదే అక్కడ మద్యం ముట్టుకోకూడదు. గదిలో ఉన్న నలుగురికీ వార్నింగ్ ఇచ్చారు. "ఎవరికి తెలుస్తుందన్నయ్యా, లేదని పెట్టేస్తే పోలా?" అని తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. పిల్ల ఒప్పుకోలేదు. వివరణకు ఇచ్చే చోటు 1325 అక్షరాలు, ఖాళీలతో కలిపి. ఆ గదిలో నేనూ ఉన్నాను అని మొదలుపెట్టి రాసింది. సీసాలు నావి కావు అని రాయొచ్చు, అది నిజం కూడా. రాయలేదు. సీటొచ్చింది. ఆ నిజం వల్లే వచ్చిందని నేననను. నిజం చెప్పడం వల్ల పోలేదు, అంతవరకే అంటాను.

మన దగ్గర అంత వివరంగా అడగరు. మెడికల్ కాలేజీలో చేరేటప్పుడు విద్యార్థి, తల్లిదండ్రులు ప్రమాణ పత్రాలు ఇస్తారు. ర్యాగింగ్ చేసిన కారణంగా ఏ సంస్థా నన్ను బహిష్కరించలేదు, డిబార్ చేయలేదు, ఈ మాట అబద్ధమని తేలితే అడ్మిషన్ రద్దు కావచ్చని తెలుసు అని అందులో ఉంటుంది. పిల్లలు చదవకుండానే సంతకం పెడతారు, నాన్నలు పెన్ను చేతికిస్తే చాలు పెట్టేస్తారు. చదివి పెట్టండి. దాచడానికీ తప్పు చేయడానికీ తేడా ఉందని కోర్టులూ చెప్పాయి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగార్థుల గురించి ఏమందంటే, ఇచ్చే సమాచారం నిజమైనదై ఉండాలి, అయితే చిన్న వయసులో నినాదాలు చేసినంత మాత్రాన మనిషిని పనికిరాడని తీసేయనక్కర్లేదు. యువతకు మారే అవకాశం ఇవ్వాలంది.

వైద్యానికి ఈ నిజం మిగతా చదువులకన్నా ఎక్కువ అవసరం. రాత్రి డ్యూటీలో ఇంజెక్షన్ డోసు తప్పిందనుకోండి. ఆ డాక్టరు కేస్ షీట్‌లో ఉన్నదున్నట్టు టైముతో సహా రాస్తే, పొద్దున వచ్చే డాక్టరు రోగిని కాపాడుకుంటాడు. రాయకపోతే వెతుక్కుంటూ కూర్చుంటాడు, ఈలోగా మనిషి పోతాడు. పదిహేడేళ్లప్పుడు తన గురించి తాను ఒక నిజం రాయలేనివాడు ముప్ఫై ఏళ్లప్పుడు, కెరీర్ అంతా పణంగా ఉన్న రాత్రి, ఆ షీట్‌లో రాస్తాడా? విదేశాలకు వెళ్లాలనుకునే డాక్టర్‌ను తన పేరు నమోదైన వైద్య మండలి నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ తెమ్మంటారు. నీ మీద ఏమైనా చర్య ఉందా అన్న ప్రశ్న మనిషిని చివరిదాకా వెంటాడుతుంది.

ఇవన్నీ ఆ తల్లికి చెప్పి, "కాలేజీకి ఫోన్ చేస్తానమ్మా, కానీ మాట మార్చమని కాదు, ఏం జరిగిందో, ఏం శిక్ష వేశారో పూర్తిగా రాసి ఇమ్మని అడుగుతాను. ఫోన్ దొరికిందన్న దానికి ఈ మాట అన్యాయం" అన్నాను. ఆమె టీ తాగుతానని లేచి మా ఆవిడతో లోపలికెళ్లింది.

అప్పుడు అబ్బాయి నోరు విప్పాడు. "సార్, పూర్తిగా రాయమనకండి."

ఫోన్ దొరికింది నిజమే. ఆ ఫోన్‌లో ఒక వీడియో ఉంది. ఇంకో నలుగురు కలిసి ఫస్టియర్ పిల్లవాణ్ని రాత్రి రెండు దాకా బాత్రూం దగ్గర చొక్కా లేకుండా నిలబెట్టారు. "నేను చెయ్యి వెయ్యలే సార్. తీసిన." కాలేజీవాళ్లు వీడియో చెరిపించి, ఫోన్ పేరు చెప్పి పది రోజులు పంపేశారు. మళ్లీ అదే కథ. నా బెల్టు కుర్రాడి కథ. ఈసారి 'గుడ్' బదులు ఇంకో మాట రాశారు, లోపలున్న నిజం మాత్రం అక్కడా లేదు.

నాకు కోపం వచ్చింది. దాచుకోను. వెళ్లిపొమ్మని అనబోయి ఆగాను, వాడి చేతులు వణుకుతున్నాయి. ఏడాదిగా ఇది ఎవరికీ చెప్పలేదట.

"రాస్తే సీటు పోతదా సార్?"

పోదని నేను మాట ఇవ్వలేదు. ప్రమాణ పత్రంలో అడిగేది బహిష్కరణ గురించి, డిబార్ గురించి. అవి వాడికి జరగలేదు కాబట్టి సంతకం పెడితే అబద్ధం కాదు. అక్కడికి ఆగిపోవచ్చు కూడా. కానీ ఒక ఉత్తరం రాసి, చేరే కాలేజీలో యాంటీ ర్యాగింగ్ కమిటీకి నువ్వే ఇవ్వమన్నాను. ఆ రాత్రి ఏం జరిగింది, నువ్వేం చేశావు, ఆపకుండా ఎందుకు తీశావు. 'తెలియక' అన్న మాట వాడొద్దన్నాను. నా మీద కన్నేసి ఉంచండి అని నువ్వే అడుగు అన్నాను. అమ్మకు ఈ రాత్రే చెప్పమన్నాను.

కాలేజీలకు కూడా నాదొక మాట ఉంది, ఈ విషయంలో నేను మెత్తబడను. ఇతరులకు జరిగిన హాని ఏదీ ఫోన్ పేరుతో, గేట్ పాస్ పేరుతో కప్పకండి. కాగితం మీద సంఘటన, తేదీ, విచారణ చేశారా, పిల్లవాడు ఏం చెప్పుకున్నాడు, శిక్ష ఏమిటి, ఆ తర్వాత ఎలా ఉన్నాడు రాయండి. పిల్లవాడికీ ఒక ప్రతి ఇవ్వండి. మిగతా చిల్లర తప్పులు ఆ ఏడాదితో కొట్టేయండి. 'నాట్ శాటిస్‌ఫాక్టరీ' అన్న రెండు మాటలు చదివినవాడికి ఏమీ చెప్పవు.

బుధవారం సాయంత్రం అబ్బాయి ఉత్తరం పట్టుకొచ్చాడు. మూడు పేజీలు. మొదటి పేజీలో వార్డెన్ మీద, కాలేజీ మీద రాశాడు. అది తీసేయమన్నాను. రెండో పేజీలో ఒక వాక్యం కింద గీత పెట్టాను: 'వాడు నన్ను చూసి, నువ్వైనా ఆపురా అన్నట్టు చూసిండు.' దీన్ని ముందుకు తీసుకురా అన్నాను. తల్లికి చెప్పాడట. ఆమె రెండు రోజులు మాట్లాడలేదట.

ఆ ఫస్టియర్ పిల్లవాడి నంబరు దొరికితే మూడుసార్లు ఫోన్ చేశానన్నాడు. మూడుసార్లూ ఎత్తలేదు. మళ్లీ చెయ్యనా అని అడిగాడు. వద్దన్నాను. మెసేజ్ పెట్టనా అన్నాడు. ఒక్కటి పెట్టు, తిరిగి రాయమని అడగకుండా పెట్టు అన్నాను. మా వాకిట్లోనే నిలబడి చాలాసేపు టైప్ చేస్తూ, చెరిపేస్తూ ఉన్నాడు. చీకటి పడ్డాక పంపాడు.