బోనెట్టు ఎవరు తెరవాలి?

(ఒక మాజీ హవల్దారు, సాలూరు)

సంచికకి ఏదైనా రాసి ఇమ్మని విద్యార్థి సంఘం కుర్రాళ్లు ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు. "యుద్ధం గురించి రాయండి మాస్టారూ, ధైర్యసాహసాలు అవీ ఉండాలి" అన్నారు. వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఇష్టం లేక సరేనన్నాను గానీ, నిజం చెప్పాలంటే ఇరవైరెండేళ్ల సర్వీసులో నేను శత్రువు ముఖం చూసింది లేదు. చూసిందల్లా లారీల అడుగుభాగం. ఇ.ఎమ్.ఇ. అని సైన్యంలో యంత్రాలు బాగుచేసే విభాగం ఒకటుంది. సికింద్రాబాదు తిరుమలగిరిలో ట్రైనింగు అయ్యి, అందులో వెహికల్ మెకానిక్‌గా చేరిన వాణ్ణి నేను. కాబట్టి తుపాకీ గురించి నన్నడిగి లాభం లేదు. బండి గురించి అడిగితే నాలుగు మాటలు చెప్పగలను.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. మిలిటరీ బండి ఏదైనా సరే, లారీ కానివ్వండి, ట్యాంకు కానివ్వండి, ఈనాటి డ్రోను కానివ్వండి, దాన్ని కాగితం మీది అంకెలతో కొలవకూడదు. ఎన్ని గుర్రాల బలం, ఎన్ని టన్నుల బరువు, ఎంత దూరం కొడుతుంది అన్నవి తరవాతి సంగతి. అది ఆగిపోయినప్పుడు బోనెట్టు తెరిచి బాగుచెయ్యగలవాడు ఎవడు, వాడు ఎంత దూరంలో ఉన్నాడు, వాడి చేతిలో సామాను ఉందా లేదా? ముందు అడగవలసింది ఇది. మన దేశంలో ఆయుధాలు కొనేవాళ్లు ఈ ప్రశ్న చివరన అడుగుతారు. ఒక్కొక్కప్పుడు అసలే అడగరు.

ఈ మాట నేను మిలిటరీలో నేర్చుకున్నది కాదు సుమా! సాలూరులో నేర్చుకున్నదే. లారీల్లో విజయవాడ తరవాత మన ఊరేనని గొప్పగా చెప్పుకుంటాం కదా. వేసవి సెలవుల్లో పద్నాలుగేళ్ల వయసున నేనూ ఒక బండికి క్లీనరుగా ఎక్కాను. సుంకి ఘాటీ మీద అర్ధరాత్రి బండి ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. డ్రైవరు మావయ్య మాత్రం బీడీ ముట్టించి, "కంపెనీవోడు ఇక్కడికి రాడ్రా గుంటడా. ఈ ఘాటీలో నువ్వూ నేనే కంపెనీ" అన్నాడు. డీజిల్ లైన్లో గాలి పట్టింది. ఫిల్టరు మీది స్క్రూ వదులుచేసి, ఫీడు పంపు చేత్తో కొడుతూ, బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చేదాకా ఆగి, అప్పుడు స్క్రూ బిగించాలి. ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని చూసిన ఆ పనే తరవాత లడఖ్‌లో నాకు నాయక్ స్ట్రైపులు తెచ్చిపెట్టింది అంటే మీరు నవ్వుతారేమో.

పాత చరిత్ర కొంచెం చెప్పాలి. 1948 నవంబరు 1న జొజిలా కనుమలో మన స్టూవర్ట్ ట్యాంకులు కనబడేసరికి శత్రువు నివ్వెరపోయాడు. పదకొండువేల అడుగులు దాటిన ఎత్తు అది. అంత ఎత్తుకి ట్యాంకులు వస్తాయని ఎవరూ అనుకోలేదు. స్టూవర్ట్ చాలా చిన్న ట్యాంకు, అప్పటికే పాతబడింది కూడా. దాన్ని టరెట్టు ఊడదీసి, గుడ్డలు కప్పి, రహస్యంగా తీసుకొచ్చారు. కంచరగాడిదలు నడిచే దారిని మద్రాసు శాపర్లు తవ్వి వెడల్పు చేశారు. మన తెలుగు జవాన్లకు తరతరాలుగా తెలిసిన దళం అది. జనరల్ తిమ్మయ్య పేరు పుస్తకాల్లో ఉంది, ఉండవలసిందే. కానీ ఆ చలిలో ట్యాంకు విప్పి మళ్లీ బిగించిన చేతుల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి?

1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ యుద్ధం కూడా అలాంటిదే. పాకిస్తాన్ దగ్గరున్న అమెరికా ప్యాటన్ ట్యాంకు కాగితం మీద మనవాటికన్నా కొత్తది, మంచిది. మనవాళ్లు కాలవ గట్లు తెంచి చెరకు తోటల్లోకి నీళ్లు వదిలారు. ప్యాటన్లు బురదలో దిగబడ్డాయి. జీపు మీద బిగించిన రీకాయిల్‌లెస్ తుపాకీతో అబ్దుల్ హమీద్ వాటిని కొట్టి, ప్రాణాలిచ్చి పరమవీరచక్ర పొందాడు. అక్కడ తొంభైకి పైగా ట్యాంకులు పాకిస్తాన్ పోగొట్టుకుంది. మామూలు జీపు! దాని ఇంజను మన సాలూరు షెడ్డులో ఏ మేస్త్రీ అయినా కళ్లు మూసుకుని విప్పేస్తాడు.

నా కాలంలో మా అందరి బతుకూ శక్తిమాన్ లారీ. జర్మనీ వారి మాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైంది. దాని గురించి పాత సైనికులు కన్నీళ్లు పెట్టుకుని చెబుతుంటారు. నేను అంత దూరం పోను. స్టీరింగు తిప్పితే భుజాలు ఊడేవి. క్యాబిన్లో ఎండాకాలం పొయ్యి, చలికాలం బావి. దాని మీద పదేళ్లు కూర్చున్నవాడికి నడుంనొప్పి పింఛనుతో పాటు వచ్చేది. ఇప్పుడు నడుస్తున్న స్టాలియన్ దానికన్నా అన్ని విధాలా మేలైన బండి. అయినా శక్తిమాన్‌లో ఒక గుణం ఉండేది. అది ఏమీ దాచుకునేది కాదు. బోనెట్టు ఎత్తితే ప్రతి పైపూ ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి పోతోందో కంటికి కనబడేది. లడఖ్ చలికి డీజిలు గడ్డకడితే కిరసనాయిలు కలిపేవాళ్లం. రాత్రి బ్యాటరీలు విప్పి బంకరులో మనతో పాటే పడుకోబెట్టేవాళ్లం. తెల్లారి సంపు కింద స్టవ్వు పెట్టి ఆయిలు కరిగించి స్టార్టు చేసేవాళ్లం. ఇప్పుడు మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని శీతాకాలపు డీజిలును ఇండియన్ ఆయిల్ వారు 2019లో అక్కడికి తెచ్చారు. మా కాలంలో అది ఉంటే మా ప్రాణాలకు కొంత సుఖంగా ఉండేది.

ఇక నా మనసులో ముల్లులా ఉన్న సంగతి. 1993 చలికాలం. మా రోడ్డు మీద మంచు తోసే యంత్రం ఒకటుండేది, పరదేశపు సరుకు. ఏ కంపెనీదో చెప్పను. చాలా ఖరీదైనది, పనిచేసినన్నాళ్లూ చూడముచ్చటగా పనిచేసింది. ఒకరోజు దాని బ్లేడు లేవడం మానేసింది. హైడ్రాలిక్ ఆయిలును నడిపించే పెట్టె ఒకటి సీలు వేసి ఉంది. "సీలు తెరవరాదు, తెరిస్తే గ్యారంటీ పోతుంది" అని దాని మీద రేకు తాపడం. నేను తెరుస్తానన్నాను. మా ఆఫీసరు మంచివాడే, కానీ పైనుంచి ఆర్డరు లేదు. వైర్‌లెస్‌లో అడిగారు. జవాబు వచ్చేసరికి తొమ్మిది రోజులు. ఈలోగా రోడ్డు మూసుకుపోయింది. పై పోస్టులో మంచు కొరికిన బీహారు కుర్రవాడు ఒకడుంటే, వాణ్ణి మనుషులే వీపు మీద మోసుకుని దింపారు. కాలి వేళ్లు మూడు తీసేశారు. పదోనాడు పెట్టె తెరిస్తే అందులో చిన్నపిల్ల గాజంత రబ్బరు రింగు తెగి ఉంది. అంతే! పాత ట్యూబు కోసి రింగు చేసి వేస్తే ఆ సీజనంతా నడిచింది.

ఆ రింగు నా దగ్గర ఇప్పటికీ ఉంది. మా మనవడు దాన్ని ఆటకి అడుగుతాడు, ఇవ్వను.

"మనమే తయారు చేసుకుంటే ఈ బాధ ఉండదు కదా" అని మీరంటారు. కొంతవరకు నిజం. కానీ తయారు చెయ్యడంలో రెండు రకాలున్నాయి. విశాఖ నుంచి మన ఊరి మీదుగా ఘాటీ ఎక్కి పోయే రోడ్డు మీదే సునాబెడ ఉంది. 1964లో అక్కడ హెచ్.ఎ.ఎల్. వారు మిగ్-21 ఇంజన్ల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ ఇంజన్లతో మన విమానాలు దశాబ్దాల పాటు ఎగిరాయి. మిగ్-21 మొన్న 2025 సెప్టెంబరు 26న సెలవు తీసుకుంది. అన్నేళ్లు జెట్ ఇంజన్లు చేసిన దేశం, 2001లో మొదటిసారి ఎగిరిన సొంత విమానం తేజస్‌కి ఇంజను అమెరికా నుంచి తెచ్చుకుంటోంది. 2021లో ఆర్డరు ఇచ్చిన 99 ఇంజన్లలో మొదటిది 2025 మార్చిలో గాని రాలేదు. సునాబెడ కార్మికుల నైపుణ్యానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. తప్పు వాళ్లది కాదు. ఏ నట్టు ఎంత బిగించాలో లైసెన్సు కాగితం చెబుతుంది. అంతే ఎందుకు బిగించాలో చెప్పదు.

అర్జున్ ట్యాంకు సంగతీ అంతే. 1974లో మంజూరై 2004కి గాని సైన్యం చేతికి రాలేదు. ముప్ఫయ్యేళ్లు! కవచం మనది, తుపాకీ మనది, గుండెకాయలాంటి ఇంజను జర్మనీది. ట్యాంకులకి 1500 గుర్రాల సొంత ఇంజనును మైసూరులో మొట్టమొదట నడిపి చూసింది 2024 మార్చిలో. ఆలస్యమైనా సంతోషించవలసిన వార్తే. అప్పటి మెదక్ జిల్లా ఎద్దుమైలారంలో 1984లో వెలిసిన ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 'శరత్' బండ్లు రష్యా నమూనావే అయినా, వాటిని విప్పి బిగించే విద్య మన తెలుగు గడ్డ మీద పాతుకుంది. అది చిన్న లాభం కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. క్షిపణుల కార్యక్రమం 1983లో కలాం గారి నాయకత్వంలో మొదలైంది. నాలుగేళ్లకే పెద్ద దేశాలు కూడబలుక్కుని క్షిపణి సామగ్రి ఎవరికీ అమ్మకుండా కట్టడి పెట్టుకున్నాయి. దాంతో మనవాళ్లు లోహాల దగ్గర్నుంచి సొంతంగా నేర్చుకోక తప్పలేదు. 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరాయి. 2025 మే నెలలో డ్రోన్లు మన మీదికి వచ్చినప్పుడు నిలబడ్డ వాటిలో హైదరాబాదు భారత్ డైనమిక్స్‌లో తయారైన ఆకాశ్ ఒకటి. అమ్మం పొమ్మన్నవాళ్లే మనకి మేలు చేశారనిపిస్తుంది.

ఇక యుద్ధం తీరే మారిపోయిందనీ, ట్యాంకుల కాలం చెల్లిందనీ టీవీల్లో చెబుతున్నారు. యుక్రెయిన్‌లో కొన్ని వందల డాలర్ల డ్రోను కోట్ల ఖరీదు ట్యాంకును తగలబెడుతున్న మాట వాస్తవమే. దానికి విరుగుడుగా రెండు పక్షాలవాళ్లూ ట్యాంకుల మీద ఇనప ఊచల పంజరాలు కట్టుకుంటున్నారు. మన బైపాసు రోడ్డు వెల్డరు ఒక పూటలో చేసే పని అది! జర్మనీవాళ్లిచ్చిన పెద్ద ఫిరంగులు అరిగితే బాగుచెయ్యడానికి స్లొవేకియాకో లిథువేనియాకో పంపవలసి వచ్చింది. డ్రోను చెడితే మాత్రం కందకంలో కూర్చున్న కుర్రవాడే టంకం పెట్టి మళ్లీ ఎగరేస్తున్నాడు. ట్యాంకు పోయి డ్రోను వచ్చినా నా ప్రశ్న పాతబడలేదు.

ఈ మిలిటరీ గొడవ మనకెందుకని అనుకోకండి. ఇదే సంగతి మన ఊళ్లో నడుస్తోంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.-6 లారీలకు ఇంజను నిండా సెన్సార్లు. యూరియా నీళ్ల ట్యాంకు వేరే. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగిందంటే నలభయ్యేళ్ల అనుభవమున్న మేస్త్రీ చేతులు కట్టుకు నిలబడాలి. కంపెనీ ల్యాప్‌టాప్ వచ్చి తాళం తీస్తేగాని బండి కదలదు. పొగ తగ్గింది, మంచిదే. కొత్త బండి వద్దని నేననను. తాళంచెవి ఎవరి దగ్గరుందని మాత్రం అడుగుతాను. అమెరికాలో ట్రాక్టర్లు తామే బాగుచేసుకునే హక్కు కోసం రైతులు పోట్లాడితే, కొలరాడో రాష్ట్రంలో 2023లో చట్టమే వచ్చింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా రక్షణ శాఖ కూడా, ఇకమీదట సైన్యం కొనే సామగ్రి ఒప్పందాల్లో రిపేరు హక్కు రాయించుకోవాలని ఆదేశించింది. అన్ని డబ్బులున్న సైన్యానికే ఆ బాధ తప్పనప్పుడు మన సంగతేమిటి?

మన దేశం కొనే ప్రతి బండితో పాటు దాని రిపేరు పుస్తకం, సాఫ్ట్‌వేరు తాళం, సీలు తెరిచే అధికారం కూడా కొనాలి. ధర పెరిగినా సరే కొనాలి. ఆ అధికారం పెద్ద వర్క్‌షాపులో ఉంటే చాలదు, ఘాటీలో నిలబడ్డ హవల్దారు దాకా రావాలి. మిమ్మల్ని కూడా ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఇంజనీరింగు, ఎలక్ట్రానిక్స్ చదివే మన ఊరి పిల్లలు ఎంతమంది ఒక లారీ షెడ్డులో పది రోజులు కూర్చున్నారు? అక్కడి మేస్త్రీలకు తెలిసిన విద్యలో సగం ఏ పుస్తకంలోనూ లేదు. మీకు తెలిసిన సర్క్యూట్లు వాళ్లకు తెలియవు. ఇద్దరికీ మధ్య దూరం ఒక రోడ్డు వెడల్పు.

ఈ వ్యాసం రాస్తుండగా పనిమీద ఒక షెడ్డుకి వెళ్లాను. కొత్త లారీ ఒకటి రెండు రోజులుగా కదలడం లేదట. మేస్త్రీ కూతురు, పాలిటెక్నిక్ చదువుతోంది, బజార్లో దొరికే చిన్న స్కానరు ఒకటి తెచ్చి తన ఫోనుకి తగిలించి చూస్తోంది. "ఏటంటందమ్మా?" అన్నాడు తండ్రి. "ప్రెజరు సెన్సారు దగ్గర వైరు తెగిపోనాదంటంది నాన్నా, ఎడంపక్క" అంది. ఆయన పళ్ల మధ్య వైరుముక్క కరిచిపట్టుకుని బండి కిందికి దూరాడు. నేను టార్చిలైటు పట్టుకున్నాను.