దగ్గు సీసాతో మన ఊపిరి నిలవదు

మిర్చి కోతలు మొదలయ్యాయంటే నాలుగు నెలలపాటు కళ్లాల్లో, యార్డుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో మన జనం దగ్గుతూనే ఉంటారు. ఊళ్లో మందుల షాపుల్లో దగ్గు సీసాలు పెట్టెలకు పెట్టెలు ఖర్చయిపోతాయి. ఏటా జరిగేదే కదా అని ఎవరూ పట్టించుకోరు. పంటకు తెగులొస్తే మందు అమ్ముకోవడానికి కంపెనీలవాళ్లు చేను గట్టుకే వస్తారు. పంట పండించే మనిషి ఊపిరితిత్తికి తెగులొస్తే మాత్రం ఒక సీసా చేతిలో పెట్టి పంపిస్తున్నారు. మనం ప్రశ్నించాల్సింది దీన్నే.

పురుగేదో చూడకుండా మందు కొడితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. డబ్బు పోతుంది, పురుగు ఉంటుంది, చేను పోతుంది. దగ్గు విషయంలో జరుగుతున్నదీ అదే.

దగ్గు అసలు జబ్బు కాదు. లోపలికి పోయిన దుమ్మునూ, పేరుకున్న కళ్లెనూ బయటికి నెట్టడానికి ఒళ్లు చేసే పని. ఆ దగ్గు నెలలు, ఏళ్లు సాగి, నాలుగడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే పిల్లికూతలు మొదలయ్యాయంటే లోపల గాలి గొట్టాలు ఇరుకైపోతున్నాయని అనుమానించాలి. డాక్టర్లు దీన్ని సీఓపీడీ అంటారు. ఒకసారి దెబ్బతిన్న ఊపిరితిత్తి మళ్లీ మొదటిలా కాదు. ముందుగా కనిపెడితే ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు, అంతే. 2021లో ప్రపంచంలో 35 లక్షల మంది ఈ జబ్బుతో చనిపోయారనీ, మరణ కారణాల్లో ఇది నాలుగోదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

"బీడీలు తాగావు, అనుభవించు" అని మన పెద్దల్ని ఆస్పత్రుల్లో కసురుతుంటారు. బీడీ చెడ్డదే, మానాల్సిందే. కానీ అదే సంస్థ ఇంకో మాట కూడా చెప్పింది. ధనిక దేశాల్లో ఈ జబ్బుకు 70 శాతానికి పైగా పొగతాగడం కారణమైతే, మనలాంటి దేశాల్లో దాని వాటా 30-40 శాతమే. ఇళ్లలోని పొగ ఇక్కడ పెద్ద కారణం. జన్మలో బీడీ ముట్టని మన ఆడవాళ్లకు ఆయాసం ఎక్కడిది? కట్టెల పొయ్యిది, పొగాకు బ్యారన్‌ది, నూర్పిడి మిషను దుమ్ముది, పత్తి జిన్నింగు నుసిది. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమని ఆంధ్రలో ప్రభుత్వం చెప్పుకుంటోంది. నలుగురున్న ఇంట్లో మూడు సిలిండర్లు ఎన్ని నెలలొస్తాయి? మిగతా నెలలు పొయ్యి ముందు కూర్చునేది ఎవరు?

సీసాలో ఏముంది?

ఒక్కో సీసాలో మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి. క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి మత్తు తెస్తాయి, నోరు ఎండగొడతాయి, కళ్లెను చిక్కబరుస్తాయి. ప్రోస్టేటు ఇబ్బంది ఉన్న పెద్దాయనకు మూత్రం బిగదీస్తాయి. ఆ మత్తులోనే మనవాడు ట్రాక్టరెక్కుతాడు, రాత్రి కరెంటొస్తే మోటారు వేయడానికి బావి దగ్గరికి పోతాడు. ఫినైలెఫ్రిన్ ఉన్నవి బీపీ పెంచుతాయి. చక్కెర పాకంలో చేసిన సిరప్ షుగరు ఉన్నవాళ్లకు మంచిది కాదు. కొడీన్ ఉన్నవి మలబద్ధకం తెస్తాయి, అలవాటు చేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, అవి శ్వాసనే మందగింపజేస్తాయి. ఊపిరితిత్తులు బాగున్నవాడు తట్టుకోవచ్చు. సీఓపీడీ ముదిరినవాడికి అది ప్రాణం మీదికి రావచ్చు. కళ్లె బయటికి రావాల్సిన మనిషికి దగ్గును నొక్కేసే మందు పోస్తే ఆ కళ్లె లోపలే నిలిచి చీము పడుతుంది. కొడీన్ మందును డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టముంది. చట్టం పుస్తకంలో ఉంది, సీసా చేతిలో ఉంది.

సీసాతో పాటు ఒక చిన్న తెల్ల మాత్ర కూడా ఇస్తుంటారు. వేసుకోగానే ఆయాసం తగ్గినట్టుంటుంది. చాలాసార్లు అది స్టెరాయిడ్. ఆయాసం విజృంభించినప్పుడు డాక్టరు కొద్ది రోజులు ఇవ్వడం వేరు. నెలల తరబడి మింగితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కళ్లకు శుక్లాలొస్తాయి. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. ఇప్పటికే వాడుతున్నవాళ్లు డాక్టరుకు చూపించుకుని మెల్లగా తగ్గించుకోవాలి.

ఇక పిల్లల సంగతి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు తాగి 20 మందికి పైగా పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ కోల్డ్‌రిఫ్ సిరప్‌ను తమిళనాడులో పరీక్షిస్తే అందులో 48.6 శాతం డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం తేలింది. ఉండకూడని విషం సీసాలో దాదాపు సగం! ఆ తర్వాతే రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు మందు ఇవ్వొద్దనీ, ఐదేళ్లలోపు వాళ్లకు సాధారణంగా అక్కర్లేదనీ కేంద్రం మళ్లీ సలహా జారీ చేసింది. ముందే పరీక్షించాల్సినవాళ్లు ఏం చేస్తున్నట్టు? రైతు పాలలో నీళ్లు కలిసాయా అని ప్రతి పూటా కొలుస్తారు. పసిపిల్లలు తాగే మందును కొలవడానికి తీరిక లేదా?

అసలు వైద్యం ఏది?

రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు టీబీ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో అది ఉచితం. టీబీ కాదని తేలితే స్పైరోమెట్రీ చేయాలి. గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరి బలం కొలిచే పరీక్ష అది. సీఓపీడీ అయితే ప్రధాన మందు పీల్చే మందే, ఇన్‌హేలర్. "పంపు పెడితే అలవాటైపోతుంది, అది ఆఖరి మందు" అని ఊళ్లో ఒక అబద్ధం పాతుకుపోయింది. కళ్లజోడు పెట్టుకుంటే అలవాటవుతుందని మానేస్తామా? పీల్చే మందు కొద్ది మోతాదులో నేరుగా ఊపిరితిత్తికే పోతుంది. స్టెరాయిడ్ కలిసినది వాడాక నోరు పుక్కిలించాలి.

ఈ ఇన్‌హేలర్లు కేంద్రం ప్రకటించిన అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. మరి మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి చూడండి. "స్టాకు లేదు" అంటారు. ఊదించే మిషను కోసం జిల్లా కేంద్రానికి పొమ్మంటారు. ఒక రోజు కూలీ పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని ఎవరు పోతారు? అందుకే సందు చివర సీసా దొరుకుతుంటే అదే తాగుతున్నారు. తప్పు తాగేవాడిది కాదు.

ఫ్యాక్టరీ కార్మికుడికి దూది దుమ్ముతో ఊపిరితిత్తులు చెడితే దాన్ని వృత్తి రోగంగా గుర్తించి పరిహారమివ్వాలని చట్టముంది. కళ్లంలో తొడిమలు తీసే తల్లికి, యార్డులో టిక్కీలు మోసే ముఠా కూలీకి, బ్యారన్ కాల్చే రైతుకు ఏముంది? పొలం పనికి ఈఎస్‌ఐ వర్తించదు. యార్డులో క్వింటాలుకు ఇంతని సెస్సు వసూలు చేసే ప్రభుత్వానికి, ఆ క్వింటాలు మోసిన ఊపిరి లెక్కలోకి రాదు.

మన డిమాండ్లు ఇవి:

1. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇన్‌హేలర్లు ఏడాది పొడవునా ఉచితంగా ఉండాలి. ప్రతి మండలంలో స్పైరోమెట్రీ పరీక్ష జరగాలి.
2. మిర్చి, పత్తి, పొగాకు సీజన్లలో యార్డుల్లో, ఊళ్లలో ఊపిరితిత్తుల పరీక్షా శిబిరాలు పెట్టాలి.
3. మార్కెట్ సెస్సు నిధుల నుంచి కూలీలకు ఎన్95 మాస్కులివ్వాలి. యార్డుల్లో దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టాలి.
4. వ్యవసాయ పనుల వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులను వృత్తి రోగాలుగా గుర్తించి పరిహారమివ్వాలి.
5. మార్కెట్లోకి వచ్చే ప్రతి బ్యాచి సిరప్‌నూ పరీక్షించి ఫలితాలు బయటపెట్టాలి.

ఒక మాట మనలో మనం కూడా అనుకోవాలి. తువ్వాలు ముతక దుమ్మునే ఆపుతుంది, సన్న నుసిని ఆపదు. మన కళ్లంలో పనికొచ్చే కూలీకి మాస్కు ఇవ్వడం మన బాధ్యత. ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగక్కర్లేదు. రైతూ కూలీ పీల్చేది ఒకే దుమ్ము.

వచ్చే గ్రామ కమిటీ సమావేశాల్లో ప్రతి ఊళ్లో రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్ల జాబితా రాయండి. ఆ జాబితాతో, అందరం కలిసి ఆరోగ్య కేంద్రానికి పోదాం. ఒక్కడు పోతే సీసా ఇస్తారు. ఊరంతా పోతే సమాధానం చెబుతారు.