ముక్కలు పారవేసే విద్య

పేకాటను గురించి మన సమాజంలో రెండు అభిప్రాయాలు స్థిరపడి ఉన్నాయి. అది కేవలం అదృష్టమని కొందరి మాట. ఎదుటివాణ్ణి బురిడీ కొట్టించే మాయోపాయమని మరికొందరి మాట. అమెరికా పేకాటశాలల్లో ఆడే లిమిట్ పోకరు విషయంలో ఈ రెండూ పొరపాటేనని నా అభిప్రాయం. చేతికి వచ్చిన ముక్కలు ఎటువంటివైనా సరే పందెంలోకి దిగే అనుభవశూన్యుల నడుమ కూర్చున్నవాణ్ణి కడపట గెలిపించేది ఓపిక. అయితే ఆ ఓపికకు దక్కే కూలి ఎంతో కూడా లెక్క కట్టి చూడాలి.

పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పుకొని బ్రతికినవాడికి ఈ జోలి ఎందుకని పాఠకులు నవ్వుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఉంటున్న మా మేనల్లుడు, ఉద్యోగం విడిచిపెట్టి ఈ ఆటతోనే జీవిస్తాను మామయ్యా అన్నాడు. కాదనే ముందు ఆ శాస్త్రమేమిటో తెలుసుకోవడం న్యాయమనిపించింది. డేవిడ్ స్క్లాన్‌స్కీ, లీ జోన్స్, ఎడ్ మిల్లర్ వ్రాసిన పుస్తకాలు వాడే పంపాడు. మన లాక్షణికులకున్నంత పట్టుదలతో వ్రాసిన గ్రంథాలవి.

ఆట స్వరూపం క్లుప్తంగా చెబుతాను. ప్రతి ఆటగాడికీ రెండు ముక్కలు మూసి పంచుతారు. ఆపైన బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ముందు మూడు, తరువాత ఒకటి, మళ్ళీ ఒకటి, మొత్తం ఐదు ముక్కలు తెరుస్తారు. నాలుగు విడతలుగా పందెం సాగుతుంది. 3–6 డాలర్ల బల్ల అంటే మొదటి రెండు విడతల్లో పందెం మూడేసి డాలర్లు, తరువాతి రెండింటిలో ఆరేసి. పెంచినా అంతే పెంచాలి, అదీ సాధారణంగా ఒక విడతలో మూడు పర్యాయాలకు మించి కూడదు. లిమిట్ అన్న మాటకు అర్థం ఈ హద్దే. ఇల్లూ వాకిలీ ఒక్క దెబ్బతో ఒడ్డే వీలు ఇందులో లేదు.

ఈ హద్దు వల్ల ఒక పరిణామం కలుగుతోంది. నడుమ ముప్పై డాలర్లు పోగై ఉండగా ఆరు డాలర్లతో ఎవరినీ బెదరగొట్టలేము. పైగా కొత్తవాడు ముక్కలు చూడాలన్న కుతూహలంతోనే డబ్బు కట్టుతాడు. వాడి ముందు బొంకడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. సినిమాల్లో చూపించే కనుసన్నలూ, గంభీరముద్రలూ ఇక్కడ వ్యర్థం. మంచి ముక్కలున్నప్పుడు పందెం కట్టు, లేనప్పుడు పారవెయ్యి, అంతే. ఎప్పుడూ పెంచని సాత్వికుడు చివరి విడతలో హఠాత్తుగా పెంచితే మాత్రం వాణ్ణి నమ్మి తప్పుకోవాలి. వాడికి బొంకడం ఇంకా రాదు.

విద్యలో అధికభాగం ఆ పారవేయడమే. పదింట ఎనిమిది పర్యాయాలు మొదటి రెండు ముక్కలు చూసి, పెదవి విప్పకుండా ముందుకు తోసివేయాలి. పక్కవాడు ఏడూ రెండూ పట్టుకొని గెలిచి కేకలు వేస్తుంటే, తాను గంటసేపు ఒక్క పందెమూ కట్టకుండా కూర్చోవాలి. ఎంత చదువుకున్నవాడికైనా కష్టమైన పని ఇదేనని మా వాడు చెప్పాడు. బడిలో ముప్పై ఏళ్ళు పరీక్షల కాపలా కాసినవాణ్ణి కనుక నేను వెంటనే నమ్మాను.

ఇక లెక్కకు వస్తాను. చేతిలో రెండు ఆసులు పడడం 221 పంపకాల్లో ఒకసారి. ఏ ముక్కలున్నాయో తెలియని ఒక్క ప్రత్యర్థి మీద అవి నూటికి 85 సార్లు గెలుస్తాయి. అటువంటివారు ఐదుగురైతే గెలుపు 49కి పడిపోతుంది. సగానికి సగం ఓడిపోయే చోట ఆసులెందుకని కొంచెం నేర్చినవాడు విసుక్కుంటాడు, తెలివిమాలిన వాళ్ళతో ఆడలేమంటాడు. కానీ అందరూ సమానంగా తలా ఒక డాలరు కట్టారనుకోండి. ఒక్కడే ఎదురైతే రెండు డాలర్లలో నూటికి 85 వంతులు, అంటే డాలరుకు 70 సెంట్ల లాభం. ఐదుగురైతే ఆరు డాలర్లలో 49 వంతులు, అంటే డాలరుకు 1.94 డాలర్ల లాభం. ఓటములు పెరిగాయి, ఆదాయమూ పెరిగింది. తనకు అన్నం పెట్టే అజ్ఞానాన్ని తిట్టుకొనే ఆటగాణ్ణి చూస్తే, పంట వేసి వానను దూషించే రైతు గుర్తుకు వస్తాడు.

మరొక్క ఉదాహరణ. మీకు ఆఠీనులు నాలుగు కుదిరాయి, ఐదవది కావాలి, తెరవవలసిన ముక్క ఒక్కటే ఉంది. కనబడని 46 ముక్కల్లో మీకు పనికివచ్చేవి 9, రానివి 37. నడుమ 30 డాలర్లుండి మీరు 6 కట్టవలసివస్తే, 46 పర్యాయాల్లో వచ్చేది 270, పోయేది 222, కట్టాలి. నడుమ 18 మాత్రమే ఉంటే వచ్చేది 162, పోయేది 222, పారవేయాలి. కొత్తవాడు రెండు చోట్లా కడతాడు. ఆ రెండవ చోట వాడు చేసే పొరపాటే తెలిసినవాడి జీతం.

అరణ్యపర్వంలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ లెక్క చెప్పి నలుడికి అక్షహృదయాన్ని ఉపదేశించడం మనవారందరికీ తెలిసిన కథే. జూదానికి హృదయం గణితమని చెప్పిన ఆ ఘట్టాన్ని నేను పిల్లలకు కథగానే చెప్పాను. ఇప్పుడు శాస్త్రంగా కనబడుతోంది. సభాపర్వంలో శకుని చెప్పేదీ ఇటువంటిదే: ధర్మరాజుకు జూదం మీద ప్రీతి ఉంది, ఆడడం తెలియదు. పోకరు గ్రంథకర్తలు వెదకే ప్రత్యర్థి లక్షణం సరిగ్గా ఇదే. తేడా అల్లా, హస్తినాపురంలో పందేనికి హద్దు లేదు.

2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు ఇద్దరాడే లిమిట్ పోకరును కంప్యూటరు చేత దాదాపు సంపూర్ణంగా సాధింపజేశారు. ఆ యంత్రాన్ని దీర్ఘకాలంలో ఎవరూ ఓడించలేరు. కానీ అది తనను తాను కాపాడుకొనే ఆట. ఎదుటివాడి అజ్ఞానాన్ని చూసి పిండుకొనే ఆట వేరు. అది ఇప్పటికీ మనిషి పనే.

అయితే పిండగా వచ్చేదెంత? నిలకడగా ఆడేవాడికి గంటకు ఒక పెద్ద పందెం మిగిలితే గొప్పగా ఎంచుతారు. 3–6 బల్ల మీద అది ఆరు డాలర్లు. 2025లో కాలిఫోర్నియా కనీస వేతనం గంటకు 16.50 డాలర్లు! ఒడిదుడుకులు చూస్తే, గంటకు సుమారు పది పెద్ద పందేల మేరకు అటూ ఇటూ ఊగుతుంది. ఈ లెక్కన నూరు గంటలు తప్పు లేకుండా ఆడినవారు ఆరుగురుంటే, వారిలో ఒకరు నష్టంతోనే లేస్తారు. శాలవారు పంపకానికి నాలుగు డాలర్లు తీసుకొని గంటకు 35 పంపకాలు నడిపారనుకుందాం. ఆ బల్ల మీదినుంచి గంటకు 140 డాలర్లు ఏ ముక్కా పట్టని చేతికి పోతాయి. అక్షహృదయం తెలిసినది నిజానికి ఆ చేతికే.

పెద్ద బల్లలకు వెళ్తానని మా వాడు వాదించాడు. అక్కడ ఏమీ తెలియనివారు పలచబడతారు. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు ప్రపంచపోటీలో 25 లక్షల డాలర్లు గెలిచిన తరువాత కొత్తవారి చూపంతా హద్దులేని పోకరు మీదికి మళ్ళింది. లిమిట్ బల్లలు తగ్గిపోయాయి.

మన దేశంలో న్యాయస్థానాల చర్చ వేరొక దారిన నడిచింది. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీకి నైపుణ్యం కావాలన్నది. మూడు ముక్కలాట కేవలం అదృష్టమన్నది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం మాత్రం ఆ భేదం పాటించకుండా డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నైపుణ్యం ఉందా లేదా అన్న ప్రశ్న నాకు ఎప్పుడూ అసంపూర్ణంగానే తోచింది. పోకరులో నైపుణ్యం ఉంది, సందేహం లేదు. కానీ ఆ నైపుణ్యానికి జీతమిచ్చేది ఏ యజమానీ కాదు. పక్క కుర్చీలో కూర్చున్న మనిషి. మూడేసి డాలర్లుగా పోతాయి గనుక అతడికి నొప్పి తెలియదు, మరునాడూ వస్తాడు.

అతణ్ణి మోసగించారని నేను అనను. నియమాలు అందరికీ ఒక్కటే, ముక్కలు ఎవరూ దాచలేదు. వినోదానికి నలభై డాలర్లు ఖర్చు పెట్టుకొనే పింఛనుదారుకు అది సినిమాకు వెళ్ళడం వంటిదే కావచ్చు. ఇంటి అద్దె తెచ్చి కట్టేవాడు కూడా ఆ కుర్చీలోనే కూర్చుంటాడు, ముఖం చూసి తేడా చెప్పలేము. నలుడు పుష్కరుణ్ణి గెలిచిన తరువాత అతడి భాగం అతడికి తిరిగి ఇచ్చి పంపాడు. జీవనోపాధిగా ఆడేవాడికి ఆ వీలు లేదు, ఆ సొమ్ముతోనే అతడు బియ్యం కొనుక్కోవాలి.

మా వాడు ఇప్పటికి ఉద్యోగంలోనే ఉన్నాడు, శనివారాలు ఆడుతున్నాడు. వాళ్ళ బల్ల మీద ప్రతి పంపకానికీ డబ్బు కట్టే ఒక పెద్దాయన ఉన్నాడట. పది గంటలకు ఆయన కోటు తొడుక్కొని లేచాడంటే, ఐదు నిమిషాల్లో మిగిలినవారు కూడా ఒక్కొక్కరే బిళ్ళలు సర్దుకొని లేచిపోతారట.